పల్లెపాటకు పట్టా ఎవడిచ్చిండు?

2005 మే 17న అమెరికాలో ఒక ఆల్బం బయటికొచ్చింది. పేరు 'లోకో మోటివ్'. పాడినోడు కౌబాయ్ ట్రాయ్. అసలు పేరు ట్రాయ్ కోల్‌మన్, పుట్టింది 1970లో టెక్సాస్‌లో. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. నెత్తిన కౌబాయ్ టోపీ, నడుముకు పెద్ద బిళ్ల బెల్టు. ఇంతదాక అమెరికా పల్లెపాటల లోకానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆ టోపీ కింద ఉన్నది నల్లజాతి మనిషి. అది మొదటి ఇబ్బంది. ఫిడేలు, బాంజో మోగుతుంటే వాటి మీద ఆయన రాగం తియ్యలేదు, ర్యాప్ కొట్టిండు. అది రెండో ఇబ్బంది. ఈ రెండూ కలిసేసరికి నాష్‌విల్ నగరంలో కుర్చీలేసుకొని కూసున్న పాటల పెద్దమనుషులకు ముద్ద దిగలేదు.

అంతకుముందు ఆయన సొంతంగా పాటలు తయారుచేసుకొని అమ్ముకున్నోడే. ఒక పెద్ద కంపెనీ, వార్నర్ బ్రదర్స్, నాష్‌విల్ నుంచి ఆయన పాటలను దేశం మీదికి వదిలిన తొలి ఆల్బం మాత్రం ఇదే. జనం ఏం చేసిండ్రు? కొన్నరు. వచ్చిన మొదటి వారమే కంట్రీ ఆల్బంల పట్టికలో రెండో స్థానం. అన్ని రకాల సంగీతాలూ కలిపిన పెద్ద పట్టికలో పదిహేనో స్థానం. మరి రేడియో ఏం చేసింది? ఆల్బంలో పేరుమోసిన పాట 'ఐ ప్లే చికెన్ విత్ ద ట్రెయిన్' కంట్రీ పాటల పట్టికలో 48 దగ్గర ఆగిపోయింది. అప్పట్లో ఆ పట్టికను అమ్మకాలను బట్టి కట్టేది కాదు, రేడియో స్టేషన్లు ఎన్నిసార్లు వేసినయో ఆ లెక్క మీదనే కట్టేది. అంటే దుకాణంలో జేబులకెళ్లి పైసలు తీసినోడి లెక్క 2. స్టేషన్‌లో మీట నొక్కేటోడి లెక్క 48. ఈ రెండు అంకెల నడుమనే ఉన్నది మొత్తం కథ.

అమెరికా పాటల లొల్లి మనకెందుకు అనేటోళ్లు ఉంటరు. పాటకు, మాటకు కంచె వేసేటోడు ఏ దేశంలోనైనా ఒక్క తీరుగనే వేస్తడు కాబట్టి మనకు కావాలె. ఎవడి పాట అసలుదో, ఎవడి పాట కలుషితమో తేల్చేటోడు మొదట చేసే పని ఒక్కటే. పాట పుట్టిన ఇంటి పేరు చెరిపేస్తడు.

'ఇది కంట్రీ కాదు' అన్నరు ట్రాయ్ పాటను విన్న పెద్దమనుషులు. సరే, ఏది కంట్రీ? ఆ సంగీతానికి గుర్తుగా ముందు చూపే వాయిద్యం బాంజో. బాంజో ఎక్కడిది? పడమటి ఆఫ్రికా నుంచి సంకెళ్లేసి ఓడలకెక్కించి తెచ్చిన బానిసల వెంబడి వచ్చింది. సొరకాయ బుర్రకు తోలు బిగించి, కర్ర పెట్టి, తీగలు కట్టిన వాయిద్యం అది. మన కిన్నెర బుర్రలు చూసినోళ్లకు దాని మొదటి రూపం ఎట్ల ఉంటదో నేను వేరే చెప్పనక్కర లేదు. పత్తి చేన్ల పక్కన, బానిసల గుడిసెల ముందట అది మోగింది. 1830, 40లలో తెల్లోళ్లు మొఖానికి మసి పూసుకొని, నల్లోళ్లను ఎక్కిరించే తమాషా ఆటలు మొదలుపెట్టిండ్రు. ఆ ఆటల్లో బాంజో తెల్లోళ్ల చేతికి పోయింది. నూరేండ్లు గడిచేసరికి అది తెల్లోళ్ల తాతల ఆస్తి అయి కూసున్నది. మసి కడుక్కున్నరు, వాయిద్యం ఉంచుకున్నరు.

కౌబాయ్ టోపీ కూడ అంతే. టెక్సాస్‌లో పశువుల మందలను వందల మైళ్లు తోలుకపోయిన పశువుల కాపర్లలో నలుగురిలో ఒకరు నల్లజాతి మనిషని చరిత్రకారుల అంచనా. పారే ఎద్దు మీదికి గుర్రం మీంచి దునికి, కొమ్ములు పట్టి కింద పడగొట్టే ఆటను రోడియోలకు తెచ్చినోడు బిల్ పికెట్. ట్రాయ్ పుట్టుకకు సరిగ్గ నూరేండ్ల ముందు, 1870లో, అదే టెక్సాస్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. సినిమాలొచ్చినయి, తెర మీద టోపీలన్నీ తెల్లోళ్ల నెత్తి మీదికి మారినయి. ట్రాయ్ టోపీ పెట్టుకుంటే వేషం, జాన్ వేన్ పెట్టుకుంటే చరిత్ర!

ఈ కంచె తనంతట తాను మొలవలేదు. నాటినోళ్లున్నరు, నాటిన ఏండ్లున్నయి. 1920లలో రికార్డుల కంపెనీలు దక్షిణాది ఊర్లకు యంత్రాలు మోసుకొని పోయినయి. అక్కడ నల్లోళ్లూ తెల్లోళ్లూ అవే ఫిడేలు పాటలు, అవే భజనలు, అవే గజ్జెల పాటలు పాడుకుంటున్నరు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటున్నరు. ఓకే కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే పెద్దమనిషి 1923లో అట్లాంటా పోయి ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే తెల్ల ఫిడేలుగాడి పాట ఎక్కించిండు. అప్పటికే అదే కంపెనీ నల్లోళ్ల పాటలు అమ్ముతున్నది. అమ్మేటందుకు రెండు అరలు చేసిండ్రు. నల్లోళ్లు పాడితే 'రేస్ రికార్డులు'. తెల్లోళ్లు పాడితే 'హిల్‌బిల్లీ'. పాట ఏందని చూడలేదు, తోలు ఏందని చూసిండ్రు. ఒకే ఊరి ఒకే పాట రెండు జాబితాలకెక్కింది. నల్లోడు బ్లూస్ పాడితే యంత్రం తిరిగింది. అదే నల్లోడు ఫిడేలు తీస్తే 'ఇది మీ అరలోకి రాదు' అన్నరు. అట్ల ఎక్కించకుండ వదిలేసిన నల్ల ఫిడేలు మేళాల పాటలు ఎన్ని మట్టిలో కలిసినయో ఎవరు లెక్క కడుతరు? 1949లో బిల్‌బోర్డ్ పత్రిక మొదటి అర పేరును 'రిథమ్ అండ్ బ్లూస్' అని, రెండో అర పేరును 'కంట్రీ అండ్ వెస్టర్న్' అని మార్చింది. బోర్డులు మారినయి. అరలు అవే.

నేర్చుకున్నోళ్ల పేర్లు పెద్దగ నిలిచినయి, నేర్పినోళ్ల పేర్లు పోయినయి. కంట్రీ సంగీతానికి మొదటి కుటుంబం అని మొక్కే కార్టర్ కుటుంబంలో ఏ.పి. కార్టర్ అనే ఆయన కొండల్లో తిరిగి పాటలు పోగుచేసిండు. ఆయన వెంట తిరిగి, వరుసలు యాదిపెట్టుకొని వచ్చింది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారుగాడు. రికార్డుల మీద ఆయన పేరు లేదు. కంట్రీకి దేవుడంతటోడైన హ్యాంక్ విలియమ్స్‌కు చిన్నతనంలో గిటారు నేర్పింది అలబామా వీధుల్లో పాడుకునే రూఫస్ పేన్. ఆయన 1939లో చనిపోయిండు. ఏ శ్మశానంలో పూడ్చిండ్రో తెలుసు, అందులో ఏ చోటో నేటికీ తెల్వదు.

ఇగ ఇప్పుడు రైలు దగ్గరికి వద్దాం. ట్రాయ్ ఆల్బం పేరే రైలింజను. పేరుమోసిన పాట పేరులో రైలు. 'చికెన్' ఆడుడంటే ఎదురెదురుగ దూసుకొచ్చి ఎవడు ముందు పక్కకు తప్పుకుంటడో చూసే ఆట. ఈయన రైలుతోనే ఆడుతనంటడు. పోరగాళ్ల గొప్పలే అనుకున్నరు విన్నోళ్లు. కానీ నాష్‌విల్‌లో రైలు పాటకు ఒక చరిత్ర ఉన్నది. అది తెలిసినోళ్లకు ఈ పాట వట్టి గొప్పల పాటగ వినబడదు.

కంట్రీ సంగీతానికి గుడి అనిపించుకున్నది 'గ్రాండ్ ఓల్ ఓప్రీ'. నాష్‌విల్ రేడియోలో శనివారం రాత్రి వచ్చే కార్యక్రమం. ఆ పేరు ఎట్ల వచ్చింది? 1927లో ఒక రాత్రి అంతకుముందు కార్యక్రమంలో పెద్దోళ్ల ఒపేరా సంగీతం వచ్చింది. దాని వెనక ఓప్రీ వంతు. మౌత్ ఆర్గాన్ మీద డిఫర్డ్ బెయిలీ అనే కళాకారుడు 'పాన్ అమెరికన్ బ్లూస్' వాయించిండు. పాన్ అమెరికన్ అంటే రైలు పేరు. కూత, చక్రాల చప్పుడు, వంతెన మీద దడదడ, అన్నీ ఆ చిన్న వాయిద్యంలోకెళ్లే. ఆ పాట ఊపులోనే జార్జ్ హే అనే వ్యాఖ్యాత 'ఇందాక గ్రాండ్ ఒపేరా విన్నరు, ఇప్పుడు వినేది గ్రాండ్ ఓల్ ఓప్రీ' అన్న అర్థం వచ్చేటట్టు మాట విసిరిండు. ఆ పేరే నిలిచింది. అంటే గుడికి పేరు పడ్డ రాత్రి గంట కొట్టినోడు నల్లజాతి మనిషి, బానిసకు మనుమడు, చిన్నప్పుడు పోలియో వచ్చి గిడసబారిన శరీరంతో బతికినోడు.

ఆ గుడి ఆయనకు ఏం చేసింది? పదిహేనేండ్లకు దగ్గరగా ఆయన ఓప్రీలో అందరికంటె ఎక్కువ గిరాకీ ఉన్న కళాకారుల్లో ఒకడు. ఊరూర తిరిగి ఆడేటప్పుడు తోటి తెల్ల కళాకారులు తిన్న హోటల్లో ఆయన తినరాదు, వాళ్లు పన్న చోట పన్నరాదు. 1941లో పాటల హక్కుల కంపెనీల నడుమ పంచాయితీ వచ్చింది. రేడియోలో పాత పాటలు వాయించొద్దన్నరు. ఆయన పాటలన్నీ ఆ పాతయే. ఆ సాకుతోని ఆయనను తీసేసిండ్రు. అక్కడితో ఊకున్నరా? లేదు. నాలుగేండ్ల తర్వాత అదే జార్జ్ హే తన పుస్తకంలో ఆయనను సోమరి అని, తమ మేళానికి ఒక బొమ్మ లాంటోడని రాసిండు. బెయిలీ ఏం చేసిండు? అదే నాష్‌విల్‌లో బూట్లకు పాలిష్ పెట్టే కొట్టు నడుపుకొని బతికిండు. 1982లో చనిపోయిండు.

కంట్రీ సంగీతం హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు ఎప్పుడు ఎక్కించిండ్రో తెలుసా? 2005లో. ట్రాయ్ ఆల్బం వచ్చిన సంవత్సరమే! ఓప్రీకి పేరు తెచ్చిన రైలు పాట మోగిన 78 ఏండ్లకు, పాడినోడు మట్టిలో కలిసిన 23 ఏండ్లకు. ఒక చేత్తోని చనిపోయిన నల్లజాతి కళాకారుడికి రాగి బిళ్ల కొడుతున్నరు. రెండో చేత్తోని బతికున్న నల్లజాతి కళాకారుడి రైలు పాటకు రేడియోలో 48 దగ్గర ఎర్రజెండా ఊపుతున్నరు.

'నల్లోళ్ల మీద మాకేం కోపం లేదు, ర్యాప్ అనేదే పల్లెపాటకు పరాయిది' అన్నది వాళ్ల రెండో వాదం. వినసొంపుగా ఉంటది. నిలవదు. వాద్యం మోగుతుంటే తాళానికి మాట కట్టి చెప్పుడు కంట్రీలో మొదటి నుంచీ ఉన్నది. క్రిస్ బుషిలాన్ అనే తెల్లాయన 1926లోనే 'టాకింగ్ బ్లూస్' పేరుతో గిటారు మీద మాటలు చెప్పి రికార్డు ఎక్కించిండు. 1947లో టెక్స్ విలియమ్స్ సిగరెట్ల మీద చెప్పిన మాటల పాట దేశమంత ఊగింది. జానీ క్యాష్ 1969లో శాన్ క్వెంటిన్ జైలులో ఖైదీల ముందట 'ఎ బాయ్ నేమ్డ్ స్యూ' ఎట్ల చెప్పిండు? రాగం తీసిండా? 1975లో లారీ డ్రైవర్ల వైర్‌లెస్ భాషలో 'కాన్వాయ్' అని సి.డబ్ల్యు. మెకాల్ గడగడ చెప్పుకుంటపోతే అది కంట్రీలో మొదటి స్థానానికి ఎక్కలేదా? 1979లో చార్లీ డేనియల్స్ ఫిడేలు పట్టుకొని సైతానుకూ పోరగానికీ పందెం కథ చెప్పిండు. ఆ చెప్పుడుకు ర్యాప్‌కు తేడా ఎంత? దీన్ని పరాయిది అని ఏ రేడియో తీసేసింది? తెల్లోడు చెప్తే 'మాటల పాట', 'కథ చెప్పుడు'. నల్లోడు చెప్తే 'ర్యాప్', నగరం రోగం.

ర్యాప్ నగరంలో పుట్టింది, నిజమే. న్యూయార్క్‌లో పుట్టింది. న్యూయార్క్‌లో నల్లోళ్లు ఎక్కడికెళ్లి వచ్చిండ్రు? 1910 నుంచి 1970 దాక దక్షిణాది పల్లెలకెళ్లి అరవై లక్షల దాక నల్లజాతి జనం మూటలు కట్టుకొని ఉత్తరాది నగరాలకు వలసపోయిండ్రు. కౌలు దోపిడికి తట్టుకోలేక, చెట్లకు ఉరేసే మూకలకు భయపడి పోయిండ్రు. వలస పోయేటోడు భూమిని ఎత్తుకపోలేడు. నోట్లో మాట, చేతిలో తాళం ఎత్తుకపోతడు. ఆ తాళం బ్రాంక్స్‌లో పెరిగి ర్యాప్ అయి, తిరిగి టెక్సాస్ పల్లెకు వస్తే, 'నువ్వెవరు' అని అడుగుడేంది? అది పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ.

నేను 'లోకో మోటివ్'ను నెత్తిన పెట్టుకొని ఊరేగిస్తలేను. చెప్పాల్సింది చెప్పాలె. ఆ ఆల్బంలో సగం పైగ గొప్పలు చెప్పుకునుడు, తాగి ఎగురుడు. బిగ్ అండ్ రిచ్ అనే తెల్ల జంట 2004లో తమ ఆల్బంలో ఆయనకు ఒక పాటలో చోటిచ్చింది. ఆ దోస్తానీ బండి మీదనే ఆయన వచ్చిండు, తన ఆల్బంలో కూడ చాలా చోట్ల వాళ్ల విందుకు వచ్చిన చుట్టంలాగనే వినబడుతడు. తన పాటలకు 'హిక్-హాప్' అని పేరు పెట్టుకున్నడు. 'హిక్' అంటే మొద్దు ఊరోడు అని నగరపోళ్లు తిట్టే తిట్టు. ఆ మాట ఎట్ల గుచ్చుతదో, తన యాస మాట్లాడినందుకు నలుగుట్ల నవ్వులపాలైన ఎవరికైనా తెలుసు. తిట్టును తెచ్చి టోపీకి పువ్వులాగ పెట్టుకునుడు ధైర్యమే. కానీ తిట్టినోడిని ఒక్క మాట అడగకుండ నవ్వించుడే పనిగ పెట్టుకుంటే, ఆ ధైర్యం తమాషా అయిపోతది. బెయిలీ పేరు ఎత్తితే బాగుండు, బాంజో ఎవరిదో ఒక్క చరణంలో చెప్తే బాగుండు అని నాకు అనిపిస్తది. చెప్పలేదు. స్పానిష్‌లో కూడ ర్యాప్ చెప్పి, టెక్సాస్ అంటే ఒక్క భాష కాదని మాత్రం చూపించిండు. అది నాకు నచ్చింది.

అయితే పాట బాగలేదనుడు వేరు, పాట ఈ ఊరిది కాదనుడు వేరు. మొదటిది విమర్శ. దానికి ట్రాయ్ జవాబు చెప్పుకోవాలె. రెండోది వెలివేత. నాష్‌విల్ రేడియోలో ప్రతి వారం మోగే తెల్ల తాగుడు పాటల్లో ఎన్నింటికి ఈ ఆల్బం కంటె ఎక్కువ దమ్మున్నది? వాటిని పాడైన పాటలు అన్నరు గానీ, కంట్రీ కాదని ఎన్నడన్న అన్నరా?

'మాకు చార్లీ ప్రైడ్ ఉన్నడు గదా' అని ఒక కార్డు చూపుతరు. ఉన్నడు. మిసిసిపీ కౌలు రైతు కొడుకు, 29 పాటలు కంట్రీలో మొదటి స్థానానికి తెచ్చిన మహా గాయకుడు. 1966లో ఆయన మొదటి రికార్డును రేడియో స్టేషన్లకు పంపినప్పుడు ఫొటో పెట్టకుండ పంపింది కంపెనీ. గొంతు వినబడాలె, మొఖం కనబడొద్దు. ఇది గౌరవమా? 1962లో రే చార్లెస్ కంట్రీ పాటలతోని ఆల్బం చేస్తే దేశం మొత్తం పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో ఉన్నది. కంట్రీ పట్టిక దాన్ని తాకలేదు. ఆయనను హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపిక చేసింది 2021లో, చనిపోయిన 17 ఏండ్లకు. లిండా మార్టెల్ 1969లో ఓప్రీ వేదిక ఎక్కిన మొదటి నల్లజాతి గాయని. 1970లో ఒక్క ఆల్బం వచ్చింది, అంతే. ఒక్కొక్కరిని లోపలికి రానిచ్చి తలుపేసుకునుడు, మల్ల అడిగితే ఆ ఒక్కరి ఫొటో చూపుడు. దీన్ని ఎక్కడ చూసినా గుర్తుపట్టొచ్చు.

ఇందులో పైసల లెక్క కూడ ఉన్నది, దాన్ని మరువొద్దు. 1996లో అమెరికాలో కొత్త టెలికాం చట్టం వచ్చింది. ఒక్క కంపెనీకి ఎన్ని రేడియో స్టేషన్లైనా ఉండొచ్చన్నది. క్లియర్ చానెల్ అనే ఒక్క కంపెనీ కొన్నేండ్లకే పన్నెండు వందల దాక స్టేషన్లు కొన్నది. ఊర్లో కూసొని ఊరోళ్ల మాట విని పాట వేసే మనిషి పోయిండు. ఎక్కడో ఒక దగ్గర జాబితా తయారైతది, అన్ని ఊర్లలో అదే మోగుతది. అట్లాంటప్పుడు పాట అరకు సరిపోకుంటే చాలు, బయటనే. ఈ దెబ్బ తెల్లోళ్లలో పేదోళ్లకు కూడ తగిలింది. జార్జియాకు చెందిన కోల్ట్ ఫోర్డ్ తెల్ల మనిషి, ముందు గోల్ఫ్ ఆటగాడు. 2008లో తన కంపెనీ పెట్టుకొని 'రైడ్ త్రూ ద కంట్రీ' అని తొలి ర్యాప్ ఆల్బం తెచ్చిండు. ఆయననూ రేడియో పట్టించుకోలేదు. ఊరూర తిరిగి, మట్టి మైదానాల్లో పాడి, చేతి మీద అమ్ముకున్నడు. రంగు ఒక్కటే కంచె అని నేను చెప్తలేను. కంపెనీ కంచె ఒకటి, రంగు కంచె ఒకటి. తెల్లోడికి ఒకటి దాటితే చాలు, నల్లోడు రెండూ దాటాలె.

ఎట్లంటే చూడుండ్రి. అదే కోల్ట్ ఫోర్డ్ ఆల్బంలో బ్రాంట్లీ గిల్బర్ట్‌తో కలిసి రాసిన 'డర్ట్ రోడ్ ఆంథెమ్' ఉన్నది. దాన్ని 2011లో జేసన్ ఆల్డీన్ అనే తెల్ల స్టార్ పాడిండు. అందులో చరణాలు ర్యాపే. పాట రేడియోలో కంట్రీ పట్టిక మొదటి స్థానానికి ఎక్కింది! ఆరేండ్ల కింద ట్రాయ్ చెప్తే పరాయిదైన ర్యాప్, ఆల్డీన్ నోట్లో దేశవాళీ అయిపోయింది. 2013లో ఫ్లోరిడా జార్జియా లైన్ అనే తెల్ల జంట తమ 'క్రూజ్' పాటకు నెల్లీ అనే నల్లజాతి ర్యాపర్‌ను తోడు తెచ్చుకున్నది. ఆ పాట కంట్రీ పట్టికలో మొత్తం 24 వారాలు మొదటి స్థానం. తోడు కోసం తెచ్చుకుంటే పనికొస్తడు, సొంతంగా వస్తె పనికిరాడు.

2019లో ముసుగు పూర్తిగ జారిపోయింది. జార్జియాకు చెందిన పందొమ్మిదేండ్ల పోరడు లిల్ నాస్ ఎక్స్. నెదర్లాండ్స్ కుర్రాడు తయారుచేసిన బాంజో వరుసను ఇంటర్నెట్‌లో 30 డాలర్లు పెట్టి కొనుక్కున్నడు. దాని మీద గుర్రం, టోపీ, బూట్లు అన్నీ పెట్టి 'ఓల్డ్ టౌన్ రోడ్' చెప్పిండు. మార్చిలో అది కంట్రీ పట్టికలో 19వ స్థానంలో కనబడ్డది. మరుసటి వారమే బిల్‌బోర్డ్ దాన్ని తీసేసింది. నేటి కంట్రీ లక్షణాలు సరిపోను లేవన్నది. ఆ లక్షణాలు ఎన్ని, ఏవేవి, కొలిచిన తక్కెడ ఎవరి చేతిలో ఉన్నది, ఎవరూ చెప్పలేదు. ఎనిమిదేండ్ల కింద ఆల్డీన్ పాటను ఏ తక్కెడలో పెట్టి తూచిండ్రు? బిల్లీ రే సైరస్ అనే తెల్ల కంట్రీ గాయకుడు ఏప్రిల్‌లో వచ్చి ఆ పోరడి పక్కన నిలబడ్డడు. అయినా కంట్రీ పట్టిక తలుపు తెరవలేదు. జనం మాత్రం ఆ పాటను పెద్ద పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో నిలబెట్టిండ్రు. అప్పటిదాక అది రికార్డు. ఆ ఏడాది చివరన కంట్రీ సంఘపోళ్లే ఆ జోడీ పాటకు ఒక బహుమతి ఇచ్చిండ్రు! జూన్‌లో ఆయన తొలి రికార్డు '7' వస్తె, గ్రామీ వాళ్లు దాన్ని ఆ ఏటి మేటి ఆల్బం పోటీకి పెట్టిండ్రు. కంట్రీ అరలో మాత్రం ఏదీ పెట్టలేదు.

2005లో ట్రాయ్‌కు ఇంటర్నెట్ బలం ఇంత లేదు. రేడియో వద్దంటే వద్దే. 2019 నాటికి పోరగాళ్ల చేతిలో ఫోన్ ఉన్నది, స్టేషన్‌లో మీట నొక్కేటోడిని అడిగే పని లేకుండ పోయింది. మారింది నాష్‌విల్ మనసు కాదు, తాళంచెవి చేతులు మారింది. అందుకే 2024లో షబూజీ అనే నల్లజాతి కళాకారుడు ర్యాప్‌ను, పల్లెపాటను కలిపిన 'ఎ బార్ సాంగ్'తోని లిల్ నాస్ ఎక్స్ రికార్డును సమం చేసిండు, పెద్ద పట్టికలో 19 వారాలు. కంట్రీ పట్టికలోనూ మొదటి స్థానం. అదే ఏడాది కంట్రీ సంఘం బహుమతుల వేదిక మీద ఆయనకు బహుమతి రాలేదు. ఆయన పేరు మీద జోకులు మాత్రం వచ్చినయి. ఆయన అక్కడే కుర్చీలో కూసొని విన్నడు. తల్లిదండ్రులు నైజీరియా నుంచి వచ్చిండ్రు. తమ భాషలోని ఇంటిపేరును బడిలో సరిగ పలకలేక వంకర చేస్తె పుట్టిన పేరది. ఆ పేరు మీదనే నవ్వులు.

బియాన్సే కథ మీకు తెలిసిందే. 2016లో 'డాడీ లెసన్స్' పాటను గ్రామీ కంట్రీ కమిటీ తన అరలోకి రానియ్యలేదు. 2024లో ఆమె 'కౌబాయ్ కార్టర్' ఆల్బంలో, ఎనభై దాటిన లిండా మార్టెల్ గొంతును మల్ల లోకానికి వినిపించింది. కంట్రీ సంఘం ఆ ఏడాది ఆమెకు ఒక్క నామినేషన్ ఇయ్యలేదు. 2025 ఫిబ్రవరిలో గ్రామీలో మేటి కంట్రీ ఆల్బం బహుమతి ఆమెకే వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి కళాకారిణి. ఆ తర్వాత జూన్‌లో గ్రామీ సంస్థ ఆ బహుమతిని రెండు చేస్తున్నమని ప్రకటించింది. 2026 నుంచి ఒకటి 'సంప్రదాయ' కంట్రీ ఆల్బం, ఇంకోటి 'సమకాలీన' కంట్రీ ఆల్బం. ఇద్దరికి చోటు దొరుకుతదని సంతోషపడేటోళ్లు పడుండ్రి. 1923లో కూడ రెండు అరలే చేసిండ్రు. బాంజో మీద తాళానికి మాట చెప్పే నల్లజాతి కళాకారుడి ఆల్బం ఈ రెండింటిలో దేంట్లోకి పోవాల్నో తేల్చే కమిటీలో ఎవరు కూసున్నరు? వాళ్లలో ఎంతమందికి డిఫర్డ్ బెయిలీ రైలు కూత ఎరుక? వాళ్లు తేల్చే ముందే ఈ మాట అడగాలె.